శిశు సంరక్షణము: కీమో పొందుచున్న బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు

బిడ్డకు ఒడలు వెచ్చబడినచో ఏమి చేయవలెనో తల్లికి ఎవరును నేర్పనక్కరలేదు. నుదుట తడిగుడ్డ వేయును. మిరియాల కషాయము కాచును. ఒక పూట అన్నము మాన్పించి జావ పట్టించును. లంఖణము పరమౌషధమని పెద్దలు చెప్పిన మాట మన యిండ్లలో ఇంకను నిలిచియున్నది. సామాన్యమైన జలుబు జ్వరమునకు ఒకటి రెండు దినములు వేచి చూచుట తప్పు కాదు. అట్టి జ్వరములు పెక్కు వచ్చిన దారినే పోవును.

కాని సోదరీమణులారా, ఈ నియమము ఏమాత్రమును వర్తింపని బిడ్డ యున్నది. రక్తపు క్యాన్సరునకో, మరియొక క్యాన్సరునకో కీమోథెరపీ పొందుచు, రెండు సూదుల నడుమ ఇంటికి వచ్చియున్న బిడ్డయే అది. ఆ బిడ్డకు జ్వరము వచ్చినచో వేచి చూడవలసినది రెండు దినములు కాదు, రెండు గంటలు కూడ కాదు. ఈ నెల ఈ శీర్షికలో ఆ ఒక్క విషయమే ముఖ్యముగా చెప్పదలచితిని. మీ యింట అట్టి బిడ్డ లేకపోవచ్చును. బంధువులలోనో, ఇరుగుపొరుగునో ఉన్నచో ఈ మాటలు మీ నోట వారికి చేరవలెనని నా కోరిక.

ఈ జ్వరము వేరు ఏల?

మన యెముకల లోపలి మూలుగలో రక్తకణములు పుట్టుచుండును. వానిలో తెల్లకణములు దేహమునకు కావలి. తెల్లకణములలోను న్యూట్రోఫిలులనునవి ఊరి తలారులవంటివి. సూక్ష్మజీవి ఏ మూలనుండి చొరబడినను ముందుగా పరుగెత్తి పట్టుకొనునవి ఇవియే. కీమో మందులు వడివడిగా పెరుగు కణములను చంపును. క్యాన్సరు కణములు అట్లు పెరుగునవే గాని, మూలుగలోని మంచి కణములును అట్లే పెరుగును. కావున మందు శత్రువుతోపాటు తలారిని కూడ పడగొట్టును. సాధారణముగా మందు ఎక్కించిన తరువాత 7 మొదలు 14 దినముల లోపల ఈ కణములు మిక్కిలి తగ్గిపోయి, పిమ్మట మెల్లగా మరల పెరుగును. ఆరోగ్యవంతుడైన బిడ్డకు ఘన మిల్లీమీటరు రక్తములో ఇవి 1500కు పైగా ఉండును. 500కు దిగినచో అపాయము. 100కు దిగినచో మహాపాయము.

ఇందులో గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. పుండు ఎఱ్ఱబడుట, వాచుట, చీము పట్టుట మొదలగునవి తెల్లకణములు వచ్చి పోరాడుటవలన కలుగు గుర్తులు. పోరాడువారే లేనప్పుడు ఆ గుర్తులును కనబడవు. గొంతు నొప్పియున్నను ఎఱ్ఱదనము ఉండదు. ఊపిరితిత్తులలో జబ్బు చేరినను మొదట దగ్గు తక్కువగానే ఉండును. బిడ్డ ప్రేగులలో ఎప్పుడును నివసించు సూక్ష్మజీవులే పలుచబడిన ప్రేగుపొరను దాటి రక్తములో ప్రవేశింపవచ్చును. అప్పుడు బయటికి తెలియు ఆనవాలు తరచు జ్వర మొక్కటియే. దానిని ఉపేక్షించినచో కొన్ని గంటలలోనే రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగును. ఉదయము ఆడుకొనిన బిడ్డ సాయంకాలమునకు స్పృహ తప్పుట ఇందువలననే.

చేతితో కాదు, థర్మామీటరుతో

తల్లి చేయి వేడిని పసిగట్టునేగాని అంకె చెప్పజాలదు. వంటయింటినుండి వచ్చిన చేయి చల్లని నుదుటినైనను వెచ్చగాను, వేడి నుదుటినైనను చల్లగాను చెప్పగలదు. మంచి డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట నుండవలెను. దాని బ్యాటరీ పనిచేయుచున్నదో లేదో నెలకొకసారి చూచుకొనవలెను. చంకను పొడిగుడ్డతో తుడిచి, థర్మామీటరు మొన చర్మమునకు బాగుగా తగులునట్లు పెట్టి, చేతిని ఒడలికి ఆనించి పట్టవలెను. పెద్దపిల్లలకు నాలుక క్రింద పెట్టవచ్చును గాని నోరు పూసియున్నప్పుడు కూడదు. మలద్వారమున మాత్రము ఎన్నడును పెట్టకూడదు. అచటి సున్నితమైన పొర చిట్లినచో సూక్ష్మజీవులకు వాకిలి తెరచినట్లగును. ఆ కారణముచేతనే ఎనీమాలు, మలద్వారమున పెట్టు మందుబిళ్ళలు కూడ ఈ బిడ్డలకు నిషిద్ధములు.

ఎంత వేడి జ్వరము? 100.4 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 38 డిగ్రీల సెంటీగ్రేడు, దాటినచో జ్వరమని తలచి కదలవలెను. కొన్ని ఆసుపత్రులలో 101 ఒక్కసారి కనబడినను, 100.4 ఒక గంట నిలిచినను రమ్మని చెప్పుదురు. మీ వైద్యుడు చెప్పిన అంకె ఏదో అడిగి, పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపుడు.

అంకె చూడకముందు పారాసెటమాల్ ఇచ్చుట పెద్ద పొరపాటు. అది వేడిని దించును గాని రక్తములోని సూక్ష్మజీవిని చంపదు. దీపము ఆర్పి దొంగ పోయెననుకొనుట వంటిది అది. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మొదలగు మాత్రలు అసలే వలదు. రక్తము గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు తక్కువగా నున్న వేళ అవి రక్తస్రావమునకు తోడ్పడును.

జ్వరము లేకున్నను కదలవలసిన సందర్భములు కలవు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మందులు వాడుచున్న కాలములో లోపల జబ్బు ముదిరినను వేడి పెరుగకపోవచ్చును. వణకు పుట్టినను, కాళ్ళు చేతులు చల్లబడినను, ఊపిరి వేగముగా తీయుచున్నను, ఆరేడు గంటలుగా మూత్రము కాకున్నను, బిడ్డ మాటాడక మగతగా పడియున్నను థర్మామీటరు అంకె కొరకు చూడక బయలుదేరవలెను. మందు ఎక్కించుటకు ఛాతీలోనో చేతిలోనో గొట్టము అమర్చియున్న బిడ్డకు, ఆ గొట్టములో మందు ఎక్కించిన వెంటనే వణకు వచ్చినచో అదియు ఇట్టిదే.

ముందే అనుకొనవలసిన మాటలు

చికిత్స ఎంత గొప్పదైనను, థర్మామీటరు 100.4 చూపిన క్షణమునకును మొదటి యాంటిబయోటిక్ నరములోనికి ఎక్కు క్షణమునకును నడుమనున్న కాలము సగము ఇంటివారి చేతిలోనే ఉన్నది. ఆసుపత్రి చేరిన గంటలోపల మందు ఎక్కింపవలెనని వైద్యులు నియమము పెట్టుకొనియున్నారు. ఇంటినుండి ఆసుపత్రికి చేరు గంటలను ఎవరు లెక్కింతురు? ఆ లెక్క గృహిణిది.

మన యిండ్లలో ఆలస్యము ఎట్లు జరుగునో మనకు తెలియనిది కాదు. భర్త పనినుండి రావలెనని ఒక గంట. అత్తగారు, మామగారు ఒప్పుకొనవలెనని ఒక గంట. డబ్బు చేబదులు తేవలెనని ఒక గంట. వర్జ్యము దాటవలెనని మరియొక గంట. అర్ధరాత్రి గదా, తెల్లవారనిమ్మని ఆరు గంటలు. ఎవరును చెడ్డవారు కారు. అందరును బిడ్డను ప్రేమించువారే. అయినను ఆ గంటలన్నియు బిడ్డ ఖాతాలోనే పడును. కావున బిడ్డ బాగుగా నున్న దినముననే ఇంటిల్లిపాదియు కూర్చుండి ఈ మాట నిశ్చయించుకొనవలెను: అంకె దాటినచో, అప్పుడు ఇంట నున్నది తల్లియైనను, అమ్మమ్మయైనను, పిన్నియైనను, ఎవరి అనుమతికిని ఆగక బయలుదేరవలెను. తరువాత ఫోనులో తెలుపవచ్చును. అది స్వతంత్రించుట కాదు, అప్పగించిన కర్తవ్యమును నెరవేర్చుట.

ఒక సంచి సిద్ధముగా తలుపు ప్రక్కన నుండవలెను. అందులో చికిత్స పుస్తకము, చివరి రక్తపరీక్ష కాగితము, ప్రభుత్వ వైద్య పథకపు కార్డు, కొంత రొక్కము, బిడ్డకు రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, ఫోను చార్జరు ఉంచవలెను. ఆటో నడుపు మనిషి ఫోను నంబరు, ఆసుపత్రి నంబరు, 108 బండి సంగతి ఇంటిలో అందరికిని తెలియవలెను.

మీ ఊరు క్యాన్సరు ఆసుపత్రికి దూరమైనచో మరియొక ఏర్పాటు కావలెను. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికో, విశాఖపట్టణములోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికో పోవుటకు రాత్రి అంతయు ప్రయాణము చేయవలసిన కుటుంబములు ఎన్నియో కలవు. అట్టివారు మొదటి నెలలోనే తమ వైద్యుని అడిగి, "జ్వరము వచ్చినచో ఈ బిడ్డకు ఈ మందు వెంటనే నరములోనికి ఎక్కింపవలెను" అని ఒక చీటి వ్రాయించుకొని, దగ్గరి పట్టణములోని ఏ ఆసుపత్రిలో ఆ పని జరుగునో ముందే కనుగొనవలెను. మొదటి మోతాదు దగ్గర పొంది, పిమ్మట దూరము పోవుట మేలు. ఊరి వైద్యుని వద్ద తుంటికి సూది వేయించుట మాత్రము కూడదు. ప్లేట్‌లెట్లు తక్కువైన బిడ్డకు ఆ చోట రక్తము గూడుకట్టి, అందులో మరల చీడ చేరును.

ఆసుపత్రి గుమ్మము వద్ద వరుసలో మౌనముగా నిలువకుడు. "ఈ బిడ్డకు కీమో ఇచ్చి పది దినములైనది. 101 జ్వరము. తెల్లకణములు తగ్గియుండవచ్చును" అని మూడు మాటలు స్పష్టముగా చెప్పుడు. తెలిసిన నర్సు ఆ మాట విన్నచో బిడ్డను వరుసనుండి తప్పించి లోనికి కొనిపోవును. అచట రక్తము తీసి పరీక్షకు పంపుదురు. ఫలితము వచ్చుటకు ఒకటి రెండు దినములు పట్టును గాన, దానికై ఆగక మందు మొదలిడుదురు. "జబ్బేదో తెలియకయే మందిచ్చుచున్నారే" అని శంకింపవలదు. ఇచట తెలిసికొని ఇచ్చుటకంటె ముందు ఇచ్చి తెలిసికొనుటయే ధర్మము.

ఇతర ఉపద్రవములు

జ్వరము తరువాత ఎక్కువగా కనబడునది నోటిపూత. మెత్తని బ్రష్షుతో పండ్లు తోమి, భోజనము తరువాత ఉప్పునీటితో పుక్కిలింపింపవలెను. కారము, పులుపు, మిక్కిలి వేడి పదార్థములు మానవలెను. నీరు కూడ మ్రింగలేని స్థితి వచ్చినచో ఆసుపత్రికి పోవలెను.

విన్‌క్రిస్టిన్ అను మందు ప్రేగుల కదలికను తగ్గించి మలబద్ధమును కలిగించును. కాళ్ళలో పట్టు తగ్గి బిడ్డ తడబడుచు నడచుటయు కలదు. రెండును వైద్యునికి చెప్పవలెను. డాక్సోరూబిసిన్ లేక డానోరూబిసిన్ ఎక్కించిన పిమ్మట ఒకటి రెండు దినములు మూత్రము ఎఱ్ఱగా వచ్చును. అది రక్తము కాదు, మందు రంగు, భయపడవలదు. కాని ముక్కునుండి రక్తము పది నిమిషములు నొక్కిపట్టినను ఆగకున్నను, ఒడలిపై సన్నని ఎఱ్ఱచుక్కలు లేచినను, మలము నల్లగా వచ్చినను ప్లేట్‌లెట్లు తగ్గినవని తెలిసికొని వెంటనే పోవలెను. తీవ్రమైన కడుపునొప్పి, విడువని తలనొప్పి, మూర్ఛ కూడ ఆ పట్టికలోనివే.

తట్టు, ఆటలమ్మ ఇతర బిడ్డలకు సామాన్యములైనను ఈ బిడ్డకు ప్రాణాంతకములు కావచ్చును. బడిలోనో ఇంటిలోనో ఎవరికైనను పోసినట్లు తెలిసినచో, మన బిడ్డకు పొక్కులు వచ్చువరకు ఆగక ఆ దినమే వైద్యునికి చెప్పవలెను. ముందుగా చెప్పినచో నివారణ మందు ఇచ్చుటకు వీలున్నది. చికిత్స జరుగుచుండగా బిడ్డకును, తోబుట్టువులకును ఏ టీకా వేయించుటకైనను క్యాన్సరు వైద్యుని ముందు అడుగవలెను.

ఆహారము, శుచి

ఇచట మన యిండ్లలో రెండు విధములైన అతి కనబడుచున్నది. కొందరు వేడి చేయునని, వాతమని పాలు, గ్రుడ్లు, పప్పు, నేయి అన్నియు మాన్పించి చారన్నము మాత్రము పెట్టుదురు. బక్కచిక్కిన బిడ్డ మందును ఓర్వజాలదు. అట్టివారికి ఉపద్రవములు హెచ్చు. మరికొందరు ఆకలి తీరునని బజారు తినుబండారములు తెచ్చి యిత్తురు. ఈ రెండును వలదు. అప్పుడే వండినది, వేడిగా నున్నది, ఇంటిలోనిది ఏదైనను పెట్టవచ్చును: మెత్తని అన్నము, పప్పు, బాగుగా ఉడికిన గ్రుడ్డు, ఇడ్లీ, కాచిన పాలు, తొక్క తీసి తిను అరటి, నారింజ. కణములు తగ్గిన దినములలో చద్దన్నము, నిలువ కూరలు, పచ్చి కూరగాయల పచ్చళ్ళు, కోసి అమ్ము పండ్లు మానవలెను. నీరు కాచి చల్లార్చి ఇయ్యవలెను. స్టిరాయిడ్ వాడు వారములలో బిడ్డ గంటగంటకు అన్నమడిగి, అలిగి, ఏడ్చును. అది మందు గుణము. బిడ్డ మొండితనము కాదు.

పథ్యములన్నిటికంటె సబ్బుతో చేతులు కడుగుకొనుట మేలైనది. బిడ్డను ముట్టువారు, వండువారు, చూడవచ్చిన బంధువులు అందరును ఇది పాటింపవలెను. జలుబు చేసినవారు గుమ్మము నుండియే పలుకరించి పోవుట మర్యాదయే. అయితే క్యాన్సరు అంటువ్యాధి కాదు. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను ఆ బిడ్డనుండి వెలివేయవలదు. ప్రక్కన కూర్చుండి ఆడుకొననిండు.

దిష్టి తీయుటవలన, మ్రొక్కు మ్రొక్కుటవలన హాని లేదు. తల్లి మనసుకు ఊరట. కాని పసరులు, భస్మములు, తెలియని పొడులు నోట పోయవలదు. కీమో మందులను కాలేయము, మూత్రపిండములు కడిగి పంపవలసియున్నది. వానిపై మరియొక భారము మోపకూడదు.

వారమునకు ఒక్కసారి, దినదినము

చికిత్సలో మొదటి కఠినమైన నెలలు గడచిన పిమ్మట, సాధారణమైన రక్తపు క్యాన్సరునందు ఇంటివద్ద మాత్రలు వాడు కాలము వచ్చును. మొత్తము చికిత్స రెండు మూడేండ్లు. అందు మెర్కాప్టోప్యూరిన్ దినదినము ఇయ్యవలెను. మెథోట్రెక్సేట్ వారమునకు ఒక్కసారి మాత్రమే ఇయ్యవలెను. ఈ రెంటిని తారుమారు చేసి, వారపు మాత్రను దినదినము ఇచ్చినచో నోరంతయు పుండ్లై, మూలుగ ఎండిపోయి ప్రాణము మీదికి వచ్చును. రెండు డబ్బాలు వేరుగా ఉంచి, వారపు డబ్బాపై వారము పేరు వ్రాసి, ఇచ్చిన వెంటనే క్యాలెండరులో గుర్తు పెట్టుట మంచిది.

ఈ మెథోట్రెక్సేట్ కథలో మన తెలుగువారి పాలు కలదు. 1895లో భీమవరమున పుట్టి 1923లో అమెరికా పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే ప్రయోగశాలలలో ఫోలిక్ ఆమ్లముపై పరిశోధన నడపిరి. ఆ పరిశోధననుండియే దానికి ప్రతికూలముగా పనిచేయు అమినాప్టెరిన్ పుట్టినది. దానిని బోస్టను నగరములో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు గల 16 మంది బిడ్డలకు ఇచ్చి, 10 మందిలో గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ గుణము కొన్ని మాసములే నిలిచినది. సుబ్బారావుగారు ఆ యేడు ఆగస్టులోనే మరణించిరి. ఆ జాతి మందే మెథోట్రెక్సేట్. అప్పుడు మాసములు మాత్రమే నిలిచిన ఊరట, మందులను కలిపి వాడుట నేర్చిన పిమ్మట స్వస్థతగా మారినది. నేడు సంపన్న దేశములలో ఈ రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డలలో నూటికి 90 మంది వరకు బ్రదుకుచున్నారు.

నడుమ మానకుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము ఏటేట సుమారు 4,00,000 మంది పిల్లలకును, 19 ఏండ్ల లోపు వారికిని క్యాన్సరు వచ్చుచున్నది. సంపన్న దేశములలో నూటికి 80 మందికి పైగా స్వస్థులగుచుండగా, బీద దేశములు పెక్కింట 30 మందికంటె తక్కువ స్వస్థులగుచున్నారు. ఆలస్యముగా గుర్తించుట, మందులు దొరకకపోవుట దీనికి కారణములే. చికిత్సను నడుమ మానుటయు, చికిత్సలోని ఉపద్రవములకు లోనగుటయు కూడ ఆ కారణములలో చేరినవి. 2030 నాటికి లోకమంతట నూటికి 60 మందినైనను బ్రదికింపవలెనని ఆ సంస్థ 2018లో సంకల్పము చెప్పుకొన్నది.

మొదటి నెల గడచునప్పటికి పెక్కుమంది బిడ్డలు కోలుకొని ఆడుదురు. "జబ్బు పోయినది గదా, ఇంక ఆ విషపు మందులేల?" అని ఇంటి పెద్దలు అందురు. కంటికి కనబడని కణములు ఇంకను మిగిలియుండును. వానికొరకే మిగిలిన రెండేండ్లు. ఖర్చునకు జంకి మానవలసివచ్చినచో మానుటకు ముందు ఆసుపత్రిలోని సమాజసేవకులతో ఒక్క మాట చెప్పుడు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ మొదలుకొని ప్రభుత్వ వైద్య పథకములు క్యాన్సరు చికిత్సను కలుపుకొనియున్నవి.

బిడ్డకు కూడ సంగతి దాచవలదు. వయసునకు తగినట్లు, "నీ రక్తములో జబ్బున్నది, ఈ మందు దానిని పోగొట్టును, వేడిగా నున్నట్లు తోచినచో నాకు వెంటనే చెప్పుము" అని నేర్పుడు. సూది భయముచే జ్వరమును దాచు పిల్లలు కలరు. చెప్పినందుకు కోపపడరని, ఒంటరిగా విడువరని తెలిసినచో వారే మనకు మొదటి కాపలావారగుదురు.

గోడకు అంటించుకొనదగినవి

1. 100.4 దాటినచో, లేక వణకు వచ్చినచో, వెంటనే ఆసుపత్రికి.
2. అంకె చూడకముందు పారాసెటమాల్ వలదు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఎన్నడును వలదు.
3. తుంటిసూది, ఎనీమా వలదు.
4. సంచి, చికిత్స పుస్తకము, రొక్కము తలుపు ప్రక్కన.
5. వారపు మాత్ర వారమునకు ఒక్కసారియే.
6. ఎవరి అనుమతికిని ఆగనక్కరలేదు.

ఈ ఆరింటిలో చివరిదే కఠినమైనదని నాకు తెలియును. అయినను ముందే అనుకొన్న యింట అది మిక్కిలి సులభము. అట్టి బిడ్డయున్న యిల్లు మీ యెఱుకలో ఉన్నచో, ఈ పుట చించి వారికి ఇచ్చినను నాకు సంతోషమే.